కిట్ లెన్సు తర్వాత ఏ లెన్సు?

కెమెరాతో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్సుతో కొన్నాళ్లు తిరిగాక చాలామందికి ఒకే ఆలోచన వస్తుంది. కొండలూ నదులూ తీయాలంటే ఇది చాలదు, ఇంకా వెడల్పుగా చూసే లెన్సు కావాలి. దుకాణంలో అడిగినా, ఫోటోలు తీసే స్నేహితుణ్ణి అడిగినా అదే సమాధానం: ల్యాండ్‌స్కేప్‌కి వైడ్ తీసుకో. నేను ఈ సలహా ఇవ్వను. డబ్బు పరిమితంగా ఉండి, ఎక్కువగా మన రెండు రాష్ట్రాల్లో తిరిగేవాళ్లు కిట్ లెన్సు తర్వాత ముందుగా కొనాల్సింది దూరాన ఉన్నదాన్ని దగ్గరికి లాగే ఒక చవక టెలీ జూమ్ అని నా గట్టి నమ్మకం. వైడ్ తర్వాత చూసుకోవచ్చు. కొందరికి దాని అవసరమే రాదు.

వంజంగి సంగతి తీసుకోండి. అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు దగ్గరున్న ఆ కొండ మీదికి చలికాలంలో జనం చీకటితోనే ఎక్కుతారు. తెల్లవారేసరికి లోయంతా మంచు నిండి, చుట్టుపక్కల కొండల కొనలు మాత్రం పైకి తేలి ఉంటాయి. అందరూ లెన్సును 18 దగ్గర పెట్టి నొక్కుతారు. తీరా ఇంటికొచ్చి చూసుకుంటే, కంటికి అంత ఘనంగా కనిపించిన కొండలు ఫోటో మధ్యలో ఒక సన్నటి గీతగా మిగిలి ఉంటాయి. పైన సగం ఖాళీ ఆకాశం, కింద ముందువరసలో నిలబడ్డవాళ్ల తలలు. ఇంకా వైడ్ ఉంటే బాగా వచ్చేదనిపిస్తుంది. నిజానికి వైడ్ ఉంటే ఆ గీత ఇంకా సన్నబడేది.

లెక్క చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మొదటి కెమెరాగా మనవాళ్లు కొనేవాటిలో ఎక్కువ భాగం ఏపీఎస్-సీ సెన్సరువి. ఆ సెన్సరు మీద 18 ఎంఎం లెన్సు అడ్డంగా సుమారు 66 డిగ్రీల మేర పట్టుకుంటుంది. 10 ఎంఎం అయితే దాదాపు 100 డిగ్రీలు. 55 దగ్గర 24 డిగ్రీలు, 250 దగ్గర అయిదు డిగ్రీల పైచిలుకు మాత్రమే. తూర్పు కనుమలు హిమాలయాల్లాగా ఆకాశాన్ని కమ్మేసే పర్వతాలు కావు. వాటిలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరాలు కూడా 1,700 మీటర్లు దాటవు. మన కొండల అందం ఎత్తులో కన్నా వరుసల్లో ఉంది. ఒకదాని వెనక ఒకటి, దూరం పెరిగేకొద్దీ రంగు పలచబడుతూ, చివరికి ఏది కొండో ఏది మబ్బో తెలియకుండా పోయే వరుసలవి. ఆ వరుసలు ఫ్రేము నిండా రావాలంటే 100 నుంచి 250 ఎంఎం దాకా వెళ్లాలి. పాపికొండల మధ్య గోదావరి వంపు తిరిగే చోటా ఇదే లెక్క. లంబసింగి మంచులోనూ, నల్లమల ఘాట్ రోడ్డు మలుపులోనూ ఇదే.

సూర్యచంద్రుల విషయంలో తేడా ఇంకా ఎక్కువ. 18 ఎంఎం దగ్గర చంద్రుడు సెన్సరు మీద మిల్లీమీటరులో ఆరో వంతు కూడా ఉండడు. ఫోటోలో అదొక తెల్ల చుక్క. 250 దగ్గర రెండు మిల్లీమీటర్లు దాటుతాడు, అంటే ఫ్రేము ఎత్తులో దాదాపు ఏడో వంతు. గోల్కొండ బురుజు వెనక నుంచి పౌర్ణమి చంద్రుడు లేస్తున్న ఫోటో చూసి ఇది ఎలా తీశారని ఆశ్చర్యపోయారా? తీసినవాళ్లు కోటకు బాగా దూరంగా వెళ్లి నిలబడి టెలీ వాడారు. దూరం జరిగితే బురుజు చిన్నదవుతుంది గానీ చంద్రుడు చిన్నబోడు. ఆ నిష్పత్తిని నిర్ణయించేది నిలబడ్డ చోటు. అంత దూరం నుంచి ఆ ముక్కను ఫ్రేము నిండా తెచ్చుకోవడమే లెన్సు చేసే పని.

యాత్రల్లో టెలీకి మరో పెద్ద పని శిల్పం. పాలంపేట రామప్ప గుడి 1213 నాటిది, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అక్కడికి వెళ్లినవాళ్లు గుడి మొత్తం పట్టే ఫోటో ఒకటి తీసి వచ్చేస్తారు. చూరు కింద ఏటవాలుగా నిలబెట్టిన నల్లరాతి మదనికలు మాత్రం ఆ ఫోటోలో వేలెడంత కూడా ఉండవు. కాస్త వెనక్కి జరిగి 100, 150 ఎంఎం దగ్గర ఒక్కో బొమ్మను పట్టుకుంటే రాతి నునుపు, నగల పనితనం, నడుము వంపు కళ్లకు కట్టినట్టు వస్తాయి. దగ్గరికెళ్లి తల పైకెత్తి వైడ్‌తో తీస్తే బొమ్మ గడ్డం, ముక్కు రంధ్రాలే వస్తాయి.

ఇప్పుడు డబ్బు మాట. ల్యాండ్‌స్కేప్ తీసేవాళ్లకు అనుకూలమైన విషయం ఒకటుంది. లెన్సు ధరనూ బరువునూ ఎక్కువగా పెంచేది పెద్ద అపర్చరు. 200 ఎంఎం లెన్సు ఎఫ్/2.8 ఇవ్వాలంటే లోపలి ద్వారం దాదాపు 71 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి. ఎఫ్/5.6 చాలనుకుంటే 36 చాలు. వెడల్పు రెట్టింపయితే గాజు వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. అందుకే 70-200 ఎఫ్/2.8 లెన్సులు కిలోన్నర దాకా తూగుతాయి, ధర కూడా చాలా ఎక్కువ పలుకుతుంది. కొండల్ని తీసేవాళ్లు పగటి వెలుగులో చివరికి వచ్చి ఆగేది ఎఫ్/8 దగ్గర, మహా అయితే ఎఫ్/11 దగ్గర. అక్కడ చవక జూమ్‌కూ ఖరీదైన జూమ్‌కూ మధ్య తేడా పెద్ద ప్రింటు వేసి పక్కపక్కన పెడితే తప్ప కనబడదు. ఎఫ్/16, ఎఫ్/22కు వెళ్తే డిఫ్రాక్షన్ వల్ల ఎంత గొప్ప లెన్సయినా మెత్తబడుతుంది. మీరు వాడని ఎఫ్/2.8 కోసం డబ్బు పోయకండి, ఆ బరువును కొండ మీదికి మోయకండి.

పెళ్లిళ్లు తీసేవాళ్ల లెక్క వేరు. మసక వెలుతురు మండపంలో వాళ్లకు ఆ ఎఫ్/2.8 కూడు పెడుతుంది. వాళ్ల కిట్‌ను చూసి మనం కొనకూడదు.

కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్లకు నేను చెప్పేది 55-250 ఐఎస్ ఎస్‌టీఎం. 375 గ్రాములే ఉంటుంది, ఫోకస్ చప్పుడు చేయదు, ధరకు మించిన స్పష్టత ఇస్తుంది. దాని పక్కనే ఇంకా చవకగా 75-300 కనిపిస్తుంది. 300 అన్న అంకె చూసి దాని వైపు మొగ్గకండి. అందులో స్టెబిలైజేషన్ లేదు, 300 దగ్గర బొమ్మ మెత్తగా వస్తుంది. నికాన్‌లో ఏఎఫ్-పీ డీఎక్స్ 70-300 మంచి లెన్సు, కానీ అది రెండు రకాలుగా వచ్చింది. పేరులో వీఆర్ (అంటే స్టెబిలైజేషన్) అని ఉన్నదే తీసుకోండి. వీఆర్ లేనిది కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది. పాత నికాన్ బాడీల్లో కొన్నింటి మీద ఏఎఫ్-పీ లెన్సులు అసలు ఫోకస్ కావు కాబట్టి మీ బాడీకి తగిలించి చూశాకే డబ్బివ్వండి. మిర్రర్‌లెస్ వాళ్లకు నికాన్ జెడ్ డీఎక్స్ 50-250, సోనీ 55-210, కెనాన్ ఆర్‌ఎఫ్-ఎస్ 55-210 ఉన్నాయి. అన్నీ అరకిలో లోపే.

స్టెబిలైజేషన్ మీద అంత పట్టు ఎందుకంటే, 250 ఎంఎం దగ్గర చేత్తో పట్టుకుని తీయాలంటే మామూలుగా సెకనులో 400వ వంతు షటర్ కావాలి. స్టెబిలైజేషన్ మూడు స్టాపులు ఆదుకుంటే 50వ వంతుకు దిగినా బొమ్మ నిలుస్తుంది. తెల్లవారుజాము వెలుతురులో ఐఎస్ఓ పెంచకుండా పని జరగడానికి ఆ మూడు స్టాపులే దిక్కు. అయితే అది ఆపేది మీ చేతి వణుకును మాత్రమే. పాపికొండల లాంచీ మీద ఉన్నప్పుడు ఇంజను అదురూ పడవ కదలికా ఉంటాయి, అక్కడ మాత్రం 500వ వంతుకు తగ్గవద్దు. ఇంకో మాట, ఈ లెన్సులతో పక్షుల క్లోజప్‌లు ఆశించకండి. పులికాట్‌లో ఫ్లెమింగోలు ఒడ్డుకు చాలా దూరంగా మేస్తాయి. 250తో నీటి మీద పరుచుకున్న గులాబీ బారు వస్తుంది. ఒక్క పక్షి కన్ను రావాలంటే వేరే లెన్సు, వేరే బడ్జెట్, వేరే సహనం కావాలి.

ఇంతవరకు చెప్పింది నా అభిప్రాయం. మీ అవసరం చెప్పగలిగేవి మీ ఫోటోలే. ప్రతి ఫోటో ఫైల్లోనూ అది ఏ ఫోకల్ లెంగ్త్ దగ్గర తీశారో నమోదై ఉంటుంది. కంప్యూటర్లో ఫైల్ ప్రాపర్టీస్ తెరిస్తే కనబడుతుంది. లైట్‌రూమ్ ఉన్నవాళ్లకు ఫోకల్ లెంగ్త్ వారీగా వడకట్టే సౌకర్యం ఉంది, డబ్బు పెట్టనక్కర్లేని డిజిక్యామ్‌లో కూడా ఆ పని అవుతుంది. గత ఏడాది తీసినవాటిలో మీకు నిజంగా నచ్చినవి ఒక వంద వేరు చేసి చూడండి. అన్నీ కాదు, నచ్చినవే. 55 దగ్గర కుప్ప పడితే మీరు ఇంకా ముందుకు వెళ్లాలని చూస్తున్నారు, టెలీ కొనండి. 24కీ 40కీ మధ్య పడితే కిట్ లెన్సు మీకు సరిపోతోంది, డబ్బు దాచుకోండి.

18 దగ్గర కుప్ప పడితే మాత్రం తొందరపడవద్దు. బ్యాగులోంచి కెమెరా తీసేసరికి చాలామంది జూమ్ 18 దగ్గరే ఉంటుంది, అలాగే నొక్కేస్తారు. ఆ ఫోటోలను ఒక్కొక్కటీ తెరిచి, ఇక్కడ అంచు తెగిపోయినందుకు బాధపడ్డానా అని మిమ్మల్ని మీరే అడగండి. చాలావాటికి జవాబు, లేదు అనే వస్తుంది. చాలావాటిని తిరిగి కత్తిరించి చిన్నవి చేయాలనిపిస్తుంది కూడా. అలా కత్తిరించాలనిపించిన ఫోటోలన్నీ టెలీని అడుగుతున్నట్టే లెక్క.

నిజంగానే అంచులు తెగిపోతున్నాయా? అయినా కొనేముందు పనోరమా ప్రయత్నించండి. దీనికి పైసా ఖర్చు లేదు. కెమెరాను నిలువుగా పట్టుకోండి. ఎక్స్‌పోజరు మాన్యువల్‌లో పెట్టండి, ఫోకస్ కూడా కదలకుండా మాన్యువల్‌కు మార్చండి. ఎడమ నుంచి కుడికి, ఒక ఫ్రేములో మూడో వంతు తర్వాతి ఫ్రేములో మళ్లీ వచ్చేట్టు నాలుగైదు తీయండి. ఇంటికొచ్చాక హగిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిని కలిపేస్తుంది. గండికోటలో పెన్నా లోయను తీయడానికి ఇంతకన్నా మంచి మార్గం లేదనే అంటాను. లోయ మొత్తం వస్తుంది. దూరాన ఉన్న బండలు వైడ్‌లో లాగా చిన్నబోవు. ఫైలు పెద్దది కాబట్టి గోడకు తగిలించేంత ప్రింటు వేసుకోవచ్చు. దగ్గరగా బండరాయో కొమ్మో ఉన్నప్పుడు మాత్రం అతుకులు సరిగా కలవవు. అలలు, కదిలే జనం ఉన్నా ఇబ్బందే.

సరిగ్గా ఆ దగ్గరి బండరాయే వైడ్ లెన్సుకు అసలు కారణం. చాలామంది వైడ్‌ను దూరాన ఉన్నదంతా ఇరికించడానికి కొంటారు. అది చేసే గొప్ప పని దానికి వ్యతిరేకం: కాళ్ల దగ్గరున్నదాన్ని పెద్దది చేసి, దూరాన ఉన్నదాన్ని వెనక్కి నెడుతుంది. గండికోట అంచున పగిలి పొరలు పొరలుగా పేరుకున్న ఎర్ర బండలున్నాయి. కెమెరాను మోకాలి ఎత్తుకు దించి ఒక బండకు రెండడుగుల దూరంలో పెడితే, ఆ పగుళ్లే గీతలుగా మారి చూపును లోయలోకి తీసుకెళ్తాయి. అది వైడ్ ఫోటో. దగ్గర ఏమీ లేకుండా తీసిన వైడ్ ఫోటోలో ఎంత ఆకాశముంటే అంత ఖాళీ ఉంటుంది.

అంత దగ్గరి బండా, అంత దూరపు కొండా రెండూ స్పష్టంగా వస్తాయా అంటే, 10 ఎంఎం దగ్గర ఎఫ్/8 పెట్టి సుమారు 65 సెంటీమీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే, దాదాపు అడుగు దూరం నుంచి అనంతం దాకా స్పష్టత నిలుస్తుంది. అదే పని 18 దగ్గర చేయాలంటే ఫోకస్ రెండు మీటర్ల అవతల పడాలి, స్పష్టత మీటరు దూరం నుంచే మొదలవుతుంది. 55 దగ్గర ఆ దూరం 20 మీటర్లకు పోతుంది, అక్కడ ముందున్న బండను వదులుకోవాల్సిందే. ఈ మూడు అంకెలూ ఫోన్‌లో రాసి పెట్టుకోండి. పొలంలో, కొండ మీద ఇవే అక్కరకొస్తాయి.

వైడ్‌కు రెండో సరైన చోటు వెనక్కి జరగడానికి జాగా లేని చోటు. లేపాక్షి మండపం, బొర్రా గుహలు, చార్మినార్ పక్క సందులు అలాంటివి. లేపాక్షిలో తల ఎత్తితే కప్పు మీద చిత్రాలు, ఎదురుగా స్తంభాల వరుసలు, వెనక గోడ. 18 చాలదు. గుడుల దగ్గర కెమెరాను పైకి వంచితే స్తంభాలు లోపలికి కూలుతున్నట్టు వస్తాయి. కెమెరాను నిటారుగా, సమంగా పట్టుకుని, కింద ఎక్కువ వచ్చిన నేలను తర్వాత కత్తిరించుకోండి. మనుషుల్ని ఫ్రేము అంచుల్లో నిలబెట్టవద్దు, ముఖాలు సాగిపోతాయి. కుటుంబంతో వెళ్లినప్పుడు ఈ ఒక్క జాగ్రత్త ఇంట్లో చాలా గొడవలు తప్పిస్తుంది.

చవక వైడ్‌లలో కెనాన్ ఈఎఫ్-ఎస్ 10-18, నికాన్ ఏఎఫ్-పీ డీఎక్స్ 10-20 నమ్మకమైనవి. రెండూ పావుకిలో లోపే. రెండింట్లోనూ స్టెబిలైజేషన్ ఉంది కాబట్టి చీకటి మండపంలో ట్రైపాడ్ లేకుండా పని జరుగుతుంది. ఆర్కియలాజికల్ సర్వే కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందస్తు అనుమతి కావాలని తెలుసు కదా, అందుకని ఇది చిన్న విషయం కాదు. సెకండ్‌హ్యాండ్‌లో టోకినా 11-16 ఎఫ్/2.8 కూడా తగులుతుంటుంది. అది పాలపుంతను తీయాలనుకునేవాళ్లకు. ల్యాండ్‌స్కేప్‌లో పెద్ద అపర్చరుకు నిజంగా విలువున్నది అక్కడే. మిగతావాళ్లకు దాని బరువు దండగ.

మూడో రకం, ప్రైమ్, అంటే జూమ్ లేని లెన్సు. అందరూ 50 ఎంఎం ఎఫ్/1.8 కొనమంటారు. చవకే, ముఖాలకు బాగుంటుంది. కానీ ఏపీఎస్-సీ మీద అది 75, 80 ఎంఎం లెన్సులా ప్రవర్తిస్తుంది. సంత వీధిలో గాజుల బండి దగ్గర నిలబడి గాజులవ్వనూ బండినీ కలిపి తీయాలంటే వెనక గోడ అడ్డొస్తుంది. ప్రయాణానికి నికాన్ 35 ఎఫ్/1.8, కెనాన్ 24 ఎఫ్/2.8 ఎక్కువ ఉపయోగం. కెనాన్‌ది 125 గ్రాములు, బాడీ మూతకన్నా కొంచెం మందం అంతే. చిన్న లెన్సు ఉంటే ఎదుటివాళ్లు బిగుసుకుపోరు, మాట కలుస్తుంది. నికాన్ 3000, 5000 వరస బాడీలున్నవాళ్లు పాత 50 ఎంఎం ఎఫ్/1.8డీ చవకగా దొరికిందని కొనకండి. ఆ బాడీల్లో ఫోకస్ మోటారు లేదు, చేత్తో తిప్పుకోవాల్సి వస్తుంది.

18-200, 18-300, టామ్రాన్ 18-400 లాంటి అన్నిటికీ ఒక్కటే అనే లెన్సుల గురించి క్లుప్తంగా చెబుతాను. లెన్సు మార్చడం మీకు చికాకైతే, బస్సు కిటికీలోంచి తీయడమే ఎక్కువైతే కొనండి, తప్పులేదు. రెండు లెన్సులు మార్చుకునే ఓపికుంటే కిట్ లెన్సూ 55-250 కలిపి తక్కువ డబ్బుకు మెరుగైన బొమ్మ ఇస్తాయి.

కొత్తదా, పాతదా అంటే పాతదే. పెళ్లి ఫోటోగ్రాఫర్లు వరుసగా మిర్రర్‌లెస్‌కు మారుతున్నారు, డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సులు సెకండ్‌హ్యాండ్‌లో బాగా దొరుకుతున్నాయి. హైదరాబాద్‌లో కోఠీ కెమెరా దుకాణాలకు మీ బాడీ పట్టుకుని వెళ్లండి. లెన్సు రెండు మూతలూ తీసి, అపర్చరు పూర్తిగా తెరిచి ఉంచి, వెనక నుంచి ఫోన్ టార్చి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. నాలుగు దుమ్ము రేణువులుంటే పరవాలేదు, ఏ ఫోటోలోనూ కనబడవు. గాజు మీద చీలుతూ పాకిన సన్నటి పోగులుంటే అది ఫంగస్. ఎంత తగ్గించినా తీసుకోవద్దు. గాజంతా పలచటి తెర కట్టినట్టుంటే అదీ వద్దు. తర్వాత బాడీకి తగిలించి, ఎదురుగా ఇటుక గోడనో దుకాణాల బోర్డుల వరుసనో నిటారుగా తీయండి. జూమ్ రెండు కొసల్లోనూ, అపర్చరు పూర్తిగా తెరిచి ఒకటి, ఎఫ్/8లో ఒకటి తీయాలి. తెర మీద పెద్దది చేసి నాలుగు మూలలూ పోల్చండి. నాలుగూ ఒకేలా కొంచెం మెత్తగా ఉంటే ఆ లెన్సు తీరే అంత. ఒక్క మూల మాత్రమే మసకబారితే లోపల గాజు పక్కకు జరిగిందని అర్థం, అది కిందపడ్డ లెన్సు కావచ్చు. స్టెబిలైజేషన్ ఆన్ చేసి వ్యూఫైండర్‌లో బొమ్మ ఆగుతోందో లేదో చూడండి. ఫిల్టరు మర మీద సొట్ట ఉందేమో వేలితో తడిమి చూడండి. ఇదంతా పావుగంట పని. ఆ పావుగంట ఇవ్వడానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనకండి.

ఇంకా తేల్చుకోలేకపోతే అద్దెకు తెచ్చుకోండి. పెళ్లిళ్ల కోసం లెన్సులు రోజు అద్దెకిచ్చేవాళ్లు పెద్ద ఊళ్లలో ఉన్నారు. ముహూర్తాల రోజుల్లో ఏదీ దొరకదు. ఆషాఢంలో అడగండి, బేరం కూడా ఆడొచ్చు. పైగా అప్పటికి వానలు పడి ఆదిలాబాద్ వైపు కుంటాల జలపాతం నీరు పట్టుకుంటుంది, అనంతగిరి పచ్చబడుతుంది. వారం చివర రెండు రోజులు వైడ్ తెచ్చుకుని చూస్తే, అది మీకు కావాలో వద్దో తేలిపోతుంది.

కొన్న లెన్సును కాపాడుకోవడం కూడా బడ్జెట్‌లో భాగమే. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట గాలిలో తేమ ఎక్కువ. లెన్సును తోలు సంచిలో పెట్టి బీరువాలో మరిచిపోతే ఫంగస్‌ను పెంచుకున్నట్టే. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు చాలు. తేమ 40, 50 శాతం మధ్య ఉంచండి. నీలం సిలికా జెల్ గులాబీ రంగుకు మారితే నీరు పీల్చేసిందని గుర్తు. వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది.

ఫిల్టర్లలో ఒక్కటి కొనండి, సర్క్యులర్ పోలరైజర్. తడి బండల మీద, ఆకుల మీద మెరుపును తీసేసి అసలు రంగు తెచ్చే పని కంప్యూటర్లో చేయలేం. జలపాతం దగ్గర అదే ఒకటిన్నర స్టాపుల వెలుతురు తగ్గించి నీటిని మెత్తగా పారేలా చూపిస్తుంది. వైడ్ మీద మాత్రం ఆకాశం ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా వస్తుంది, అక్కడ తీసేయండి. ప్రతి లెన్సుకూ ఒకటి కొనకుండా మీ లెన్సులన్నిటిలో పెద్ద మరకు సరిపడేది ఒకటి తీసుకుని, మిగతావాటికి స్టెప్-అప్ రింగులు వాడుకోండి. అప్పుడు హుడ్ పట్టదు, ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకోవాలి.

చేతిలో ఇరవై వేలుంటే నేనైతే ఇలా పంచుతాను. పన్నెండు వేలకు మించకుండా సెకండ్‌హ్యాండ్ టెలీ. పోలరైజర్‌కు, రింగులకు, సిలికా జెల్ డబ్బాకు రెండు వేలు. మిగిలిన ఆరు వేలు ప్రయాణానికి, ఒక్క చోట రెండు రాత్రులు ఉండడానికి. గండికోటకు పొద్దున బయల్దేరి మిట్టమధ్యాహ్నం చేరి, సాయంత్రానికి తిరుగు ప్రయాణం కట్టేవాళ్లకు ఏ లెన్సూ సాయం చేయలేదు. ఆ వెలుతురులో లోయ చదునుగా, తెల్లగా పాలిపోయి ఉంటుంది. అక్కడ ఏపీ టూరిజం హరిత హోటల్ ఉంది, పది పదిహేను కిలోమీటర్ల దూరంలో జమ్మలమడుగు ఉంది. రెండు రాత్రులుంటే రెండు సాయంత్రాలు, రెండు ఉదయాలు చేతికొస్తాయి. మొదటి సాయంత్రం కెమెరా లేకుండా అంచు వెంబడి నడిచి ఎక్కడ నిలబడాలో చూసుకోండి, నీడలు ఎటు నుంచి ఎటు సాగుతున్నాయో గమనించండి. మర్నాడు ఉదయం టెలీతో, సాయంత్రం కిట్ లెన్సుతో, చివరి ఉదయం పనోరమాకు. మార్చి నుంచి మే దాకా మధ్యాహ్నాలు పొగమంచులాంటి వేడి తెర కట్టి టెలీ ఫోటోలు మసకబారతాయి కాబట్టి, వానలు వెనకబట్టాక అక్టోబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో వెళ్లండి. తిరిగొచ్చాక నచ్చిన ఫోటోల ఫోకల్ లెంగ్త్‌లు మళ్లీ లెక్కపెట్టండి. ఈసారి కూడా 18 దగ్గర అంచులు తెగి బాధపెట్టినవి కనబడితే, వచ్చే ఏడాది డబ్బు వైడ్‌కు దాచడం మొదలుపెట్టవచ్చు.